మోకాళ్ల అమరిక, నిలుచున్నప్పటి తూకం: ఇంట్లోనే పరీక్షించుకుని సరిచేసుకునే పద్ధతి

ఇంట్లో ఒకరిని సాయం పిలిచి ఈ చిన్న పరీక్ష చేయించుకున్నాక మిగతాది చదవండి. చెప్పులు విడిచి, పాదాల మధ్య జానెడు ఎడం ఉంచి, ఏ ప్రయత్నమూ లేకుండా మామూలుగా నిలబడండి. సాయం వచ్చినవారు మీ ముందు కూర్చుని, మీ మోకాలి చిప్పను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదపాలి. చాలామందిలో అది తడిసిన సబ్బుబిళ్లలా సులువుగా జారుతుంది. ఇప్పుడు తొడలు బిగించండి. చిప్ప కాస్త పైకి లేచి, మేకు కొట్టినట్టు కదలకుండా నిలిచిపోతుంది. తొడలు వదిలితే మళ్లీ జారుతుంది.

మామూలుగా నిలబడినప్పుడు మోకాలిని నిటారుగా పట్టి ఉంచే పనిలో తొడ ముందు కండరానికి దాదాపు పాత్రే లేదని ఈ పరీక్ష చూపిస్తుంది. నా వద్దకు మోకాలి బాధతో వచ్చేవారిలో ఎక్కువమంది ఈ సంగతి వినగానే నమ్మరు. చిప్పను తమ వేళ్లతో తామే కదిపి చూసుకున్నాకే నమ్ముతారు. మరి ఏ బలం మీద నిలబడుతున్నామో తెలిస్తే తప్ప, మోకాలి అమరికకూ తూకానికీ ఉన్న లంకె అర్థం కాదు.

బరువు దిగే గీత

శరీర బరువంతా ఒక్కచోట కూడినట్టు లెక్క వేసుకునే బిందువు ఒకటి, బొడ్డుకు కొంచెం దిగువన, వెన్నెముక అడుగు భాగానికి ముందు, కటి లోపల ఉంటుంది. తాపీమేస్త్రీ గోడ నిలువు చూసుకోవడానికి దారానికి గుండు కట్టి వేలాడదీసినట్టు, ఆ బిందువు నుంచి నేలకు ఒక దారం వేలాడదీశామనుకుందాం. ఆ దారం తుంటి కీలుకు దగ్గరగా కాస్త వెనుకగా, మోకాలి కీలుకు కాస్త ముందుగా, చీలమండకు సుమారు నాలుగైదు సెంటీమీటర్ల ముందుగా దిగి నేలను తాకుతుంది. దారం మోకాలికి ముందు నుంచి పోతుంది కాబట్టి, మన బరువే మోకాలిని వెనక్కి, అంటే నిటారు దిశగా తోస్తూ ఉంటుంది. అది మరీ వెనక్కి పోకుండా కీలు వెనుక గోడ, అక్కడి లిగమెంట్లు (ఎముకను ఎముకకు కట్టే గట్టి పట్టీలు) ఆపుతాయి. కాలు పూర్తిగా చాచే క్రమంలో చివరి కొద్ది డిగ్రీల్లో తొడ ఎముక కింది ఎముక మీద రవ్వంత లోపలికి మెలి తిరిగి, గొళ్లెం పడినట్టు కుదురుకుంటుంది. ఆ గొళ్లెం తీసే పని మోకాలి వెనుక ఉన్న పాప్లిటియస్ అనే చిన్న కండరానిది.

దారం చీలమండకు ముందుగా పడుతుంది కనుక శరీరం ఎప్పుడూ ముందుకు ఒరిగే ధోరణిలోనే ఉంటుంది. దాన్ని వెనక్కి పట్టి ఉంచేది పిక్క. నిలబడి ఉండగానే పిక్క మీద చేయి వేసి చూసుకోండి, ఎంతో కొంత బిగువు ఎప్పుడూ ఉంటుంది. బరువును మెల్లగా మడమల మీదికి జరిపితే ఆ బిగువు సడలి, దాని బదులు పాదం మీద నరాల్లా కనిపించే కండరాల తాళ్లు తేలుతాయి, కాలివేళ్లు లేస్తాయి. కదలకుండా నిలబడ్డామని మనం అనుకునే సమయంలో కూడా శరీరం కొద్ది మిల్లీమీటర్ల మేర ఎడతెగకుండా ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటుంది. పాదాలు ఆక్రమించిన జాగా దాటి ఆ దారం బయటికి పోకుండా, ప్రతి ఊపునూ వెంటనే సర్దుకోవడాన్నే తూకం అంటున్నాం.

ఈ సర్దుబాటుకు మోకాలు నిటారుగా ఉండాలి గాని బిగుసుకుని ఉండకూడదు. నిటారు దాటి వెనక్కి పోయిన మోకాలు లిగమెంట్ల మీద వేలాడుతుంది. కటి ముందుకు జారుతుంది, బరువు మడమల మీదికి పోతుంది, ఒక దిశలో మోకాలికి కదలడానికి చోటే మిగలదు. అప్పుడు కాలంతా ఒకే కర్రలా మారి, సర్దుబాటు భారమంతా చీలమండ, తుంటి మోయాల్సి వస్తుంది. పల్లెవెలుగు బస్సులో కండక్టరును గమనించండి. రెండు చేతుల్లోనూ టికెట్ల యంత్రం, చిల్లర ఉంటాయి, కడ్డీ పట్టుకునే వీలుండదు. అయినా గుంతల్లో తూలడు. పాదాలు కాస్త ఎడంగా, ఒకటి కొంచెం ముందుకు, మోకాళ్లు కనిపించీ కనిపించనంత వంపుతో, తుంటి సీటు అంచుకు ఆనించి నిలబడతాడు. అదే బస్సులో మోకాళ్లు బిగబట్టి నిలబడ్డ ప్రయాణికుడు మొదటి బ్రేకుకే పక్కవారి మీద పడతాడు. కండక్టరుకు ఈ విద్య ఎవరూ నేర్పలేదు. రోజుకు ఎనిమిది గంటల కుదుపులే నేర్పాయి.

మొదటి మెట్టు: ఉన్నది ఉన్నట్టు చూసుకోవడం

మోకాళ్లు కనిపించే పొట్టి నిక్కరు వేసుకుని, సెల్‌ఫోనును మోకాలి ఎత్తులో ఒక స్టూలు మీద నిలిపి, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, వెనుక నుంచి ఒకటి ఫొటోలు తీయించుకోండి. ఫోను పైనుంచి కిందికి చూస్తూ ఉంటే వంపులు తప్పుగా కనిపిస్తాయి కాబట్టి ఎత్తు విషయంలో అశ్రద్ధ వద్దు.

పక్క ఫొటోలో తుంటి బయటి ఎముక, మోకాలి నడిమి భాగం, చీలమండ బయటి గిలక ఈ మూడింటినీ కలుపుతూ గీత గీసుకోండి. మోకాలు గీతకు వెనుకగా విల్లులా వంగి ఉంటే అది వెనక్కి పోయే మోకాలు. సున్నా డిగ్రీలు దాటి నాలుగైదు డిగ్రీలు వెనక్కి పోవడం, ముఖ్యంగా ఆడపిల్లల్లో, మామూలే. 10 డిగ్రీలు దాటితే కీళ్ల సడలింపును లెక్కించే బైటన్ పట్టికలో అది ఒక గుర్తుగా తీసుకుంటారు. బొటనవేలు ముంజేతికి తగలడం, చిటికెనవేలు బాగా వెనక్కి వంగడం వంటి లక్షణాలు కూడా తోడైతే ఆ మనిషి కీళ్లన్నీ వదులే. అటువంటివారు మరింత సాగదీసే వ్యాయామాలు చేయడం తగదు. వారికి కావలసింది పట్టు.

ముందు ఫొటోకు రెండు కాళ్లూ దగ్గరగా తెచ్చి నిలబడండి. మోకాళ్లు, చీలమండల లోపలి గిలకలు రెండూ తాకితే, లేక రెండుచోట్లా స్వల్పంగా ఎడం ఉంటే బెంగ లేదు. గిలకలు తాకి మోకాళ్ల మధ్య ఖాళీ మిగిలితే దొడ్డికాళ్లు. మోకాళ్లు తాకి గిలకల మధ్య ఖాళీ మిగిలితే లోపలికి కూలిన మోకాళ్లు. ఖాళీని టేపుతో కొలిచి తేదీతో రాసుకోండి. పెద్దవారిలో మోకాళ్ల మధ్య 6 సెంటీమీటర్లు, గిలకల మధ్య 8 సెంటీమీటర్లు దాటితే ఎముకల వైద్యుడికి చూపించడం మంచిది. ఒక కాలికే వంపు ఉంటే కొలత ఎంతైనా చూపించాలి.

పసిపిల్లల విషయంలో ఈ కొలతలు పనికిరావు. రెండేళ్ల లోపు దొడ్డికాళ్లు, మూడు నాలుగేళ్ల వయసులో మోకాళ్లు లోపలికి తగలడం, ఏడెనిమిదేళ్లకు సర్దుకోవడం అన్నది ఎదిగే ఎముకల సహజ క్రమం. ఈ క్రమం తెలియక, నాలుగేళ్ల పిల్లకు రాత్రిపూట కాళ్లకు పలకలు కట్టిన అమ్మమ్మలను నేను చూశాను. అయితే ఎనిమిదేళ్లు దాటాక వంపు పెరుగుతూ ఉంటే విటమిన్ డి లోపం, కాల్షియం లోపం, ఫ్లోరైడ్ ఈ మూడింటినీ అనుమానించాలి. ఫ్లోరైడ్ మాట మన తెలుగు నేలకు దూరమైనది కాదు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతంలో ఫ్లోరోసిస్ 1937 నాటికే నమోదైంది. నల్లగొండ జిల్లా పల్లెల యువతలో మోకాళ్లు లోపలికి కూలిన వైకల్యాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్ వైద్య పత్రికలో వర్ణించారు. బోరు నీరు తాగే ఊళ్లలో పిల్లల మోకాళ్లు చూసేవారు, నీటి పరీక్ష ఫలితం కూడా చూడాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌కు వ్యాయామంలో విరుగుడు లేదు.

రెండవ మెట్టు: పాదం

మోకాలు మధ్యలో ఉన్న కీలు. కింద పాదం, పైన తుంటి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. నేరుగా మోకాలినే సరిచేయాలని చూసేవారి శ్రమ చాలావరకు వృథా పోయేది అందుకే.

కాళ్లు తడుపుకుని ఎండిన సిమెంటు గచ్చు మీద నడిచి, పడిన అడుగులు చూడండి. మడమ, ముందరి పాదం మధ్య సన్నని పట్టీ పడి, లోపలి వైపు ఖాళీ కనిపిస్తే పాదం వంపు ఉన్నట్టు. పాదమంతా ఇటుకలా పడితే వంపు కూలినట్టు. వంపు కూలిన పాదం లోపలికి ఒరుగుతుంది, దాంతోపాటు కింది కాలి ఎముక లోపలికి తిరుగుతుంది, దాని వెంట మోకాలు లోపలికి పోతుంది.

ఇప్పుడు నిలబడి బరువును మూడు చోట్ల పంచడం అలవాటు చేసుకోండి. బొటనవేలి మొదట్లోని గుబ్బ, చిటికెనవేలి మొదలు, మడమ నడుమ. పొయ్యి మీద కుండను మోసే మూడు రాళ్లలా ఈ మూడూ నేలను సమానంగా నొక్కాలి. వేళ్లు నేలను గీరినట్టు ముడుచుకోకూడదు. బొటనవేలి గుబ్బ నేలను విడవకుండా, పాదం నడిమి భాగాన్ని పైకి పీల్చినట్టు కుదించి ఐదు సెకన్లు ఉంచి వదలండి. ఒక్కో పాదానికి పదిసార్లు, ఉదయం సాయంత్రం. మొదటి వారం ఏమీ కదలనట్టే ఉంటుంది. నిరుత్సాహపడనక్కర లేదు, ఆ చిన్న కండరాలకు మనం ఎన్నడూ పని చెప్పలేదు.

పాదాలు రైలు పట్టాల్లా సమాంతరంగా ఉండాలన్న మాట చాలాచోట్ల వినిపిస్తుంది. నా అనుభవంలో అది అందరికీ కుదరదు. తొడ ఎముక, పిక్క ఎముక పుట్టుకతోనే ఒక్కొక్కరిలో ఒక్కో తీరున మెలి తిరిగి ఉంటాయి. కళ్లు మూసుకుని పది అడుగులు ఉన్నచోటే కవాతు చేసి ఆగండి. పాదాలు ఎటు తిరిగి ఆగాయో అదే ఇంచుమించు మీ సహజ కోణం. సాధారణంగా అది కొద్దిగా బయటికి ఉంటుంది. దానిని బలవంతంగా లోపలికి తిప్పితే పాదం సూటిగా కనిపించినా మోకాలు మెలిపడుతుంది.

మూడవ మెట్టు: మోకాలికి నడిమి చోటు వెతకడం

ఈ మెట్టు మీద ఎక్కువ రోజులు గడపండి. మిగతావన్నీ దీని మీద ఆధారపడ్డవే.

గోడకు వీపు పెట్టి, మడమలు గోడకు నాలుగు వేళ్ల దూరంలో ఉంచి నిలబడండి. చిన్న తువ్వాలును నాలుగు మడతలు వేసి, చుట్టి, ఒక మోకాలి వెనుక గోడకూ కాలికీ మధ్య ఇరికించండి. మోకాలిని పూర్తిగా వెనక్కి నెడితే తువ్వాలు నలిగిపోతుంది. కొంచెం ఎక్కువ వంచితే జారి కింద పడుతుంది. నలగకుండా, పడకుండా, గుడ్డ కేవలం తాకుతూ ఉండే చోటు ఒకటుంటుంది. దాన్ని వెతకండి. నలిపేయడం, వదిలేయడం, ఆ నడిమి చోటుకు రావడం, ఈ మూడూ మెల్లగా పదేసిసార్లు చేశాక కళ్లు మూసుకుని కూడా ఆ చోటు పట్టుకోగలరేమో చూసుకోండి. కండరాల్లో, కీలు చుట్టూ ఉన్న నాడుల కొసలు కీలు ఏ కోణంలో ఉందో మెదడుకు నిరంతరం చెబుతూ ఉంటాయి. వెనక్కి పడేసిన మోకాలితో ఏళ్ల తరబడి నిలబడ్డవారికి ఆ కోణమే నిటారు అన్న భావన స్థిరపడిపోతుంది. వారిని నిజమైన నిటారుకు తెచ్చి నిలబెడితే, “మోకాళ్లు వంగిపోయాయండీ, పడిపోతానేమో” అంటారు. అద్దంలో పక్క నుంచి చూపించాలి, లేకపోతే ఒప్పుకోరు.

నడిమి చోటు దొరికాక గోడను విడిచి అలాగే నిలబడి, మొదట్లో చేసిన చిప్ప పరీక్ష మళ్లీ చేయించుకోండి. చిప్ప ఇప్పుడూ కదలాలి, అయితే మునుపటికంటే రవ్వంత బిగువుగా. మేకు కొట్టినట్టు నిలిచిపోతే మీరు తొడలు బిగిస్తున్నారు. యోగాసన తరగతుల్లో తాడాసనానికి “మోకాలి చిప్పలు పైకి లాగండి” అని చెప్పడం విన్నవారు ఈ మాటతో విభేదించవచ్చు. ఆ సూచన ఆసనం నిలిపిన అర నిమిషానికి, అదీ మోకాళ్లు వెనక్కి పోనివారికి, చక్కగా పనికొస్తుంది. వెనక్కి పోయే మోకాళ్లున్నవారు అదే సూచన పాటిస్తే తొడ బిగువు మోకాలిని ఇంకా వెనక్కి నెడుతుంది. రేషను క్యూలో అరగంట నిలబడటానికైతే ఆ బిగువు ఎవరికీ పనికిరాదు.

నాలుగవ మెట్టు: తుంటి

పాదాలు కదపకుండా, నేలను రెండు పాదాలతో బయటికి చించుతున్నట్టు ఊహించి పిరుదులను కొద్దిగా బిగించండి. కిందికి చూస్తే మోకాలి చిప్పలు బయటి వైపు రవ్వంత తిరగడం, పాదాల లోపలి వంపు లేవడం కళ్లారా కనిపిస్తుంది. వదిలితే రెండూ లోపలికి కూలతాయి. పై గొలుసు లాగితే కింది గంట మోగడం ఇదే. మోకాలి చిప్ప నడిమి భాగం పాదం రెండో వేలి మీదుగా చూస్తున్నంతవరకే తిప్పి, ఆపైన ఆ బిగువులో పావు వంతు మాత్రం మిగిల్చి తక్కినది వదిలేయండి.

తుంటి పక్క కండరాలకు బలం కావాలంటే పక్కకు పడుకుని, మోకాళ్లు వంచి, పాదాలు అంటిపెట్టుకునే ఉంచి, పై మోకాలిని పుస్తకం తెరిచినట్టు ఎత్తి దించాలి. కటి వెనక్కి దొర్లకూడదు. ఒక్కో పక్క పన్నెండు సార్లు. దీనికి తోడుగా చేతుల్లేని కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోండి. లేచేటప్పుడూ కూర్చునేటప్పుడూ మోకాళ్లు ఒకదాని వైపు ఒకటి వాలుతున్నాయేమో గమనించండి. వాలితే సంఖ్య తగ్గించి, వేగం తగ్గించి, వాలకుండా చేయండి.

ఐదవ మెట్టు: ఒంటికాలు

రెండు కాళ్ల మీద దాగిపోయిన లోపమంతా ఒంటికాలి మీద బయటపడుతుంది. వంటింటి గట్టుకు ఎదురుగా, చేతులు గట్టు మీద ఆనీ ఆననట్టు పెట్టి, ఒక పాదాన్ని బెత్తెడు ఎత్తండి. నిలిచిన కాలి వైపు ఒకసారి చూడండి. మూడు తప్పులు సాధారణంగా కనిపిస్తాయి. మోకాలు లోపలికి కూలుతుంది, లేదా బిగుసుకుని వెనక్కి పోతుంది, లేదా ఎత్తిన కాలి వైపు కటి కిందికి జారుతుంది. మూడవదాన్ని 1895లో జర్మన్ శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బుర్గ్ వర్ణించాడు. నిలిచిన కాలి తుంటి పక్క కండరం బలహీనమైతే అది కనిపిస్తుంది, కాబట్టి నాలుగవ మెట్టుకు తిరిగి వెళ్లాలి.

తప్పు లేకుండా 10 సెకన్లు, తరువాత 20, ఆపై 30 సెకన్లకు పెంచండి. ముందు రెండు చేతుల ఊతం, పిదప ఒక చేయి, ఒక వేలు, చివరికి ఏమీ లేకుండా. బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ల మధ్య వయసున్న 1,702 మందిని పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, 10 సెకన్లు ఒంటికాలిపై నిలబడలేనివారిలో తరువాతి ఏళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. దీన్ని చదివి ఒంటికాలి మీద నిలబడితే ఆయువు పెరుగుతుందని ప్రచారం చేసినవారున్నారు. అధ్యయనం చెప్పింది అది కాదు. ఒంట్లో ఉన్న ఇతర బలహీనతలను ఆ 10 సెకన్లు పట్టిచ్చాయి, అంతే.

వృక్షాసనం వేసేవారు ఎత్తిన పాదాన్ని నిలిచిన కాలి తొడకు గాని, మోకాలి దిగువన పిక్కకు గాని ఆనించాలి. మోకాలి పక్కన ఆనిస్తే అడ్డంగా పడే ఒత్తిడిని ఆ కీలు తట్టుకునేలా నిర్మితం కాలేదు. కూచిపూడి నేర్చుకునే పిల్లలకు అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు తెరిచి సగం కూర్చునే భంగిమలో, ఇదే సూత్రం మరో రూపంలో ఎదురవుతుంది. పాదాలు బాగా విప్పి, మోకాళ్లు మాత్రం ముందుకే మిగిలిపోతే మోకాలు మెలిపడుతుంది. తుంటి నుంచి ఎంత తెరుచుకుంటే పాదం అంతే తెరవాలి. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలిచి జరిగే నర్తకి మోకాళ్లను గమనిస్తే, ఎక్కడా బిగువు లేని ఆ మెత్తని వంపే పళ్లెం కుదుపునంతా తాగేస్తున్నట్టు కనిపిస్తుంది.

కళ్లు మూసుకుని చేసే అభ్యాసం ఆఖరున, అదీ గది మూలలో రెండు గోడల మధ్య నిలబడి మాత్రమే. పాదాలు కలిపి నిలబడి కళ్లు మూయగానే తూలిపోయేవారు అభ్యాసం ఆపి వైద్యుడిని కలవాలి. పాదాల స్పర్శ తగ్గినప్పుడు, ముఖ్యంగా ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారిలో, ఇలా జరుగుతుంది. అక్కడ మోకాలి దోషం లేదు.

సరిచేయకూడని మోకాళ్లు

అమరిక అంటే అందంగా కనిపించడమని పొరబడితే ప్రమాదం జరిగే సందర్భాలు కొన్ని ఉన్నాయి. చిన్నప్పుడు పోలియో సోకి తొడ ముందు కండరం చచ్చుబడినవారు మోకాలిని కొంచెం వెనక్కి పడేసి, ఒక్కోసారి చేత్తో తొడను నొక్కి పట్టి నిలబడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ విభజనలో భారతదేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని 2014 మార్చి 27న పోలియో రహితంగా ధ్రువీకరించారు కనుక ఈ తరం పిల్లల్లో అది కనిపించదు గాని, నలభై, యాభై ఏళ్లు దాటినవారు మన చుట్టూ ఉన్నారు. బరువు గీతను మోకాలికి ముందుకు తెచ్చుకుని, లేని కండరం పనిని లిగమెంట్ల చేత చేయించుకోవడం వారి శరీరం కనిపెట్టిన ఉపాయం. ఆ వంపును పూర్తిగా సరిచేస్తే మోకాలు మడతపడి మనిషి కూలబడతాడు. పక్షవాతం వచ్చినవారి విషయంలోనూ సొంత ప్రయోగాలు చేయరాదు.

అరుగుదలతో మోకాలు పూర్తిగా చాచలేని పెద్దవారిది దీనికి సరిగ్గా ఎదురు సమస్య. మోకాలు వంగే ఉంటే బరువు గీత కీలుకు వెనుకగా పడి, తొడ కండరం క్షణం విరామం లేకుండా పని చేయాల్సి వస్తుంది. వారి చిప్ప పరీక్షలో చిప్ప ఎప్పుడూ బిగిసే ఉంటుంది. అందుకే వారు పావుగంట కూడా నిలబడలేరు, ఆ కాలు పొట్టి అయినట్టు ఒక పక్కకు ఒరుగుతారు. వీరికి మొదటి పని మోకాలిని చాచడం. మంచం మీద కాలు చాపి, మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలి వెనుక భాగాన్ని పరుపు వైపు నొక్కి ఐదు సెకన్లు ఉంచాలి. రోజుకు మూడుసార్లు, పదేసి. నొప్పి తగ్గుతుందని రాత్రంతా మోకాలి కింద దిండు పెట్టుకోవడం మానుకోవాలి. వంపును గట్టిపరిచేది ఆ దిండే. నడిచేటప్పుడు చేతికర్రను నొప్పి ఉన్న మోకాలికి ఎదుటి చేతిలో పట్టుకోవాలి. ఇది చెప్పగానే నూటికి తొంభైమంది, “అదేమిటి, తిరగబడి చెబుతున్నారా” అన్నట్టు చూస్తారు.

రోజంతా నిలబడే పని ఉన్నవారికి

చీరల దుకాణంలో పదిగంటలు నిలబడే ఒక అమ్మాయి ఎడమ మోకాలి వెనుక నొప్పితో వచ్చింది. స్కాన్‌లో ఏమీ లేదు. “మీరు కౌంటరు దగ్గర ఎలా నిలబడతారో అలా నిలబడమ్మా” అన్నాను. వెంటనే బరువంతా ఎడమ కాలి మీద వేసి, ఆ మోకాలిని వెనక్కి పడేసి, తుంటిని పక్కకు తోసి, కుడి మడమ లేపి నిలబడింది. బల్ల మీద పరిచే చీర ఎప్పుడూ కుడి వైపే ఉంటుందట. ఆమెకు చెప్పినవి రెండే. కౌంటరు కింద ఇటుకంత ఎత్తు పీట వేసి, గంటకోసారి కాలు మార్చి దాని మీద పెట్టుకోవడం, కొనేవారు చీర చూసుకునే వ్యవధిలో మడమలు పదిసార్లు లేపి దించడం.

మడమలు లేపడానికి మరో ఫలితం కూడా ఉంది. కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది. దాన్ని పైకి తోసే పంపు పిక్క. ఎండలో జరిగే జెండా వందనంలో, కవాతులో పిల్లలు కళ్లు తిరిగి పడిపోయేది అందువల్లే. మోకాళ్లు బిగబట్టడం ఒక్కటే కారణం కాకపోయినా, బిగబట్టిన కాలిలో పిక్క ఇంకా తక్కువ కదులుతుంది. బూట్ల లోపలే వేళ్లు, పిక్కలు బిగిస్తూ వదులుతూ ఉండమని పిల్లలకు ముందే చెప్పాలి.

మోకాలు ఉన్నట్టుండి వాచినా, నడకలో పట్టేసినా, మడతపడి పడిపోయినా, రాత్రి నిద్రలో నొప్పి లేపుతున్నా పై అభ్యాసాలేవీ మొదలుపెట్టకుండా వైద్యుడికి చూపించుకోండి. తక్కినవారు ఆరు వారాలు చేశాక అదే చోట, అదే స్టూలు మీద ఫోను పెట్టి ఫొటోలు మళ్లీ తీసుకోవచ్చు. ఎదుగుదల ముగిసిన ఎముక వంపు వ్యాయామంతో మారదు కనుక ముందు ఫొటోలో టేపు కొలత దాదాపు అలాగే ఉంటుంది. మార్పు పక్క ఫొటోలో మోకాలు గీతకు ఎంత దగ్గరైందన్నదానిలో, కుర్చీలోంచి లేచేటప్పుడు మోకాళ్లు వాలకపోవడంలో, వంటింటి గట్టు దగ్గర లెక్కపెట్టుకున్న సెకన్లలో కనిపిస్తుంది.